వారానికో ఎముకల మాత్ర: ఆ ఉదయం అరగంటే ముఖ్యం

ప్రశ్న: మేం విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. మా అత్తయ్యకు 67 ఏళ్లు. ఆమధ్య బాత్‌రూంలో జారిపడి ఎడమచేతి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక డాక్టరు గారు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించారు. ఎముకలు బాగా గుల్లబారాయని, నడుము దగ్గర టీ స్కోరు (ఎముక గట్టిదనాన్ని ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.1 ఉందని చెప్పి, వారానికి ఒకటి చొప్పున అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అత్తయ్య పొద్దున లేవగానే ఆ మాత్ర కాఫీతో వేసుకుని మళ్లీ కాసేపు నడుం వాల్చేవారు. నాలుగో వారానికి ఛాతీలో మంట మొదలైంది. ఇంతలో తెలిసినావిడ ఒకరు "ఆ మాత్రలు వాడితే దవడ ఎముక పాడైపోతుందట" అన్నారు. అత్తయ్యకు ఒక పన్ను తీయించాల్సి కూడా ఉంది. దాంతో భయపడి మాత్రలు మానేశారు. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, రోజూ ఒక కాల్షియం, వారానికోసారి డి విటమిన్ గుళిక కూడా వాడుతున్నారు. సోమవారాలు ఉపవాసం ఉంటారు. ఎలాగూ ఖాళీ కడుపే కాబట్టి ఆ రోజు వేసుకుంటే మంచిదా? అసలు ఈ మాత్ర మళ్లీ మొదలుపెట్టవచ్చా? దీని బదులు ఇంజెక్షన్ ఏదో ఉందంటున్నారు, అది మేలా?
- ఒక కోడలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ ఛాతీ మంట సంగతి చూడండి. మాత్ర మానేశాక మంట తగ్గిందో లేదో మీరు రాయలేదు. తగ్గిపోయి ఉంటే కొంత నిశ్చింత. ముద్ద మింగేటప్పుడు నొప్పి, రొమ్ము ఎముక వెనక ఏదో అడ్డుపడినట్టు ఉండటం, మంట రోజురోజుకీ ఎక్కువవడం ఉంటే మాత్రం ఆహారనాళం లోపలి పొర దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. వాంతిలో రక్తం పడినా, విరేచనం నల్లగా జిగటగా వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకొక మాట. ఈ వయసులో ఛాతీలో మంట అన్నదల్లా గ్యాస్ కాదు. మంటతో పాటు చెమటలు, ఆయాసం, ఎడమ చేతిలోకో దవడలోకో లాగుతున్న నొప్పి ఉంటే అది గుండె సమస్య కావచ్చు. అలాంటప్పుడు ఎముకల మాత్ర గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇవేవీ లేకపోయినా డాక్టరుకు చూపించకుండా మళ్లీ మాత్ర వేయకండి. పక్కన ఒక గ్యాస్ మాత్ర చేర్చి నెట్టుకొచ్చేయడం చాలా ఇళ్లలో జరుగుతుంటుంది. మంట అణిగినట్టే ఉంటుంది, లోపల పుండు ఉంటే అది అలాగే ఉంటుంది.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తప్పు మందుది కన్నా వేసుకున్న తీరుదే అనిపిస్తోంది. అత్తయ్య గారిని ఇందుకు తప్పుపట్టకండి. డాక్టరు దగ్గర ఉన్న ఆ కాసేపట్లో విరిగిన చెయ్యి గురించే మాట్లాడుకుంటాం. మాత్ర ఎలా వేసుకోవాలో చీటీ మీద ఒక్క ముక్కలో ఉంటుంది, మందుల షాపులో కవరు మీద "వారానికి 1" అని రాసి ఇస్తారు. ఈ మందుకు అంత క్లుప్తంగా చెప్తే సరిపోదు.

ఎందుకో చెబుతాను. మన ఎముకల్లో పాత భాగాన్ని తొలిచేసే కణాలు, కొత్తగా కట్టే కణాలు రెండూ ఎప్పుడూ పనిచేస్తూ ఉంటాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గిపోవడంతో తొలిచేవాటిది పైచేయి అవుతుంది. అలెండ్రోనేట్ వెళ్లి ఎముకకు అతుక్కుని ఆ తొలిచే కణాల జోరు తగ్గిస్తుంది. చిక్కల్లా అది ఎముక దాకా చేరడంలో ఉంది. పూర్తిగా పరగడుపున, మామూలు నీళ్లతో వేసుకున్నా రక్తంలోకి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. డాక్టర్లు రాసే మోతాదు ఆ లెక్క చూసుకునే పెట్టింది. అదే మాత్రను కాఫీతో వేసుకుంటే ఆ కొద్దిలో కూడా సుమారు 60 శాతం తగ్గిపోతుంది. పాలు, కాల్షియం, ఐరన్, గ్యాస్ సిరప్పులు అయితే మందును కడుపులోనే పట్టేసుకుని అసలు లోపలికి పోనివ్వవు. అంటే ఇన్ని వారాలూ అత్తయ్య గారికి మందు వల్ల ఇబ్బందే తప్ప ఫలితం పెద్దగా దక్కలేదు.

ఇక నడుం వాల్చడం. ఈ మాత్ర కడుపులోకి దిగిపోతే చాలావరకు పేచీ లేదు. గొంతు నుంచి కడుపుకు వెళ్లే దారిలో ఎక్కడైనా ఆగిందా, తగిలిన చోట పొరను కాల్చేస్తుంది. రెండు గుక్కల కాఫీతో మింగి పడుకుంటే ఆగడానికి అవకాశం ఎక్కువ, కడుపులోంచి పైకి తన్నుకు రావడానికీ అవకాశం ఎక్కువ. రాత్రి పడుకోబోయే ముందు వేసుకోకూడదనడానికి కారణం కూడా ఇదే.

డాక్టరు సరేనన్నాక ఆ ఉదయం ఇలా గడవాలి. నిద్ర లేచి ముఖం కడుక్కున్నాక, ఏమీ తినకముందు, తాగకముందు మాత్ర వేసుకోవాలి. గ్లాసు నిండా మామూలు మంచినీళ్లు తాగాలి, 200 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. ఫిల్టరు నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు ఏవైనా సరే. మీ అపార్ట్‌మెంట్లో ఉప్పదనం ఉన్న బోరు నీళ్లే గతి అయితే ఆ ఒక్క గ్లాసుకూ ఫిల్టరు నీళ్లు వాడండి, ఎందుకంటే బరువు నీళ్లలో ఉండే కాల్షియం కూడా మందుకు అడ్డే. మాత్రను కొరకకూడదు, చప్పరించకూడదు, పొడి చేసి కలపకూడదు. నోట్లో కరిగితే నోరు కూడా పుండవుతుంది.

తర్వాత కనీసం అరగంట కూర్చునో, నిలబడో, నడుస్తూనో ఉండాలి. అరగంట అయింది కదా అని ఏమీ తినకుండానే వాలిపోవడమూ కుదరదు, కడుపులో ఏదైనా పడేదాకా పడుకోకూడదు. ఒంగి చేసే పనులు కూడా అప్పుడు వద్దు. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం అత్తయ్య గారి అలవాటైతే అది ముగించుకుని వచ్చాకే మాత్ర వేసుకోమనండి. కూర్చుని పూజ చేసుకోవడానికి ఆ అరగంట బాగా సరిపోతుంది, సాష్టాంగ నమస్కారం మాత్రం ఆ పూటకు వద్దు. పక్కనే బీచ్ రోడ్డు ఉంది, మోకాళ్లు సహకరిస్తే మీతో పాటు నాలుగడుగులు వేయించండి. కాఫీ ఆలస్యమవుతుందన్న బెంగ కూడా కొంత మరిచిపోతారు.

సోమవారం గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. ఖాళీ కడుపు కావాలి కాబట్టి ఉపవాసం రోజు అనువుగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ మందుకు ముందు ఖాళీ కడుపు ఎంత అవసరమో, తర్వాత ఆహారం అంత అవసరం. సాయంత్రం దీపం పెట్టేదాకా ఏమీ తినని మనిషి, మధ్యాహ్నం నీరసంగా ఉందని కాసేపు పడుకోకుండా ఉండలేరు. కాబట్టి సోమవారం వద్దు. కార్తీక మాసంలో ఉపవాసాలు ఇంకా ఎక్కువుంటే వాటిని కూడా చూసుకోండి. నన్నడిగితే మీరు గానీ మీ వారు గానీ తీరిగ్గా ఇంట్లో ఉండే రోజు పెట్టుకోండి. తెల్లవారుజామునే సింహాచలానికో, బస్సెక్కి ఊరికో బయల్దేరే రోజు మాత్రం మంచిది కాదు, సీట్లో వెనక్కి వాలి నిద్రపోతారు.

ఇక అందరికీ తలనొప్పి తెచ్చేది థైరాయిడ్ మాత్ర. అదీ పరగడుపునే, ఇదీ పరగడుపునే. రెండూ కలిపి ఒకే గుక్కలో మింగేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అలా వద్దు. ఆ ఒక్క రోజు ఎముకల మాత్ర ముందు వేసుకుని, అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర నీళ్లతో వేసుకుని, మరో అరగంట నుంచి గంట గడిచాక కాఫీ, టిఫిను తీసుకోవచ్చు. ఆరింటికి మొదలుపెడితే ఏడు, ఏడున్నరకు కాఫీ అందుతుంది. అంతసేపు ఉండలేనంటే, వారంలో ఆ రోజుకు థైరాయిడ్ మాత్రను రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాతకు మార్చవచ్చేమో మీ డాక్టరును అడగండి. బీపీ, షుగరు మాత్రలు ఉన్నవాళ్లు కూడా వాటిని ఎముకల మాత్ర తర్వాత అరగంటకు తక్కువ కాకుండా జరుపుకోవాలి.

కాల్షియంను పొద్దున పూట దగ్గరికే రానివ్వకండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేయండి. థైరాయిడ్ మాత్రకు, కాల్షియంకు మధ్య ఎలాగూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

డి విటమిన్ గుళిక గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. సాధారణంగా రాసేది 60,000 యూనిట్ల గుళిక, అదీ వారానికి ఒకటే. ఇంట్లో "వారానికో మందు" రెండు ఉన్నప్పుడు పెద్దవాళ్లు ఒకదాని బదులు ఇంకొకటి వేసుకోవడం, ఒకటి వేసుకుని రెండూ అయిపోయాయనుకోవడం మామూలే. డి విటమిన్ కొవ్వుతో కలిసి ఒంటికి పడుతుంది కనుక భోజనం తర్వాత వేసుకోవాలి, పరగడుపున కాదు. రెండింటికీ వేర్వేరు రోజులు పెట్టి క్యాలెండరు మీద వేర్వేరు రంగుల్లో రాయండి. ఆ గుళిక ఎన్ని వారాలు వాడమన్నారో చీటీలో ఒకసారి చూడండి. ఎక్కువమందికి 8 నుంచి 12 వారాలు ఇచ్చి తర్వాత మోతాదు తగ్గిస్తారు. అది గమనించక నెలల తరబడి వారంవారం వేసుకుంటూ పోతే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతి తడబడటం, కిడ్నీలు దెబ్బతినడం దాకా వెళ్తుంది.

అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదు. మాత్రల డబ్బాను రోజువారీ మందుల మధ్య పెట్టకండి, విడిగా మీ దగ్గర ఉంచుకుని ఆ రోజు మీరే ఇవ్వండి. ఒక వారం మరిచిపోతే, గుర్తొచ్చిన మర్నాడు పొద్దున వేసి, తర్వాత మళ్లీ మామూలు రోజుకే వచ్చేయండి. పోయిన వారానిదీ ఈ వారానిదీ కలిపి ఒకే రోజు రెండు వేయకూడదు. మరిచిపోయిన సంగతి టిఫినయ్యాక గుర్తొస్తే అప్పటికప్పుడు వేయకండి, మర్నాడు ఉదయం దాకా ఆగినా ఫరవాలేదు. ఈ మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోయేది, ఒక రోజు ఆలస్యానికి టెన్షన్ పడక్కర్లేదు.

దవడ ఎముక మాట. మీకు చెప్పినావిడ లేనిది చెప్పలేదు, అలాంటి సమస్య ఉంది. కానీ అది ఎవరికి ఎంత వస్తుందన్నది చెప్పకపోతే భయమే మిగులుతుంది. పన్ను తీసిన చోట గాయం మానక, చిగురు మూసుకోక, వారాల తరబడి ఎముక బయటికి కనిపిస్తూ ఉండటం దీని లక్షణం. ఎక్కువగా చూసేది క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లలో, వాళ్లకు ఇదే జాతి మందులు పెద్ద మోతాదులో తరచుగా నరం ద్వారా ఎక్కిస్తారు కనుక. ఎముకల గుల్లదనానికి వాడే మోతాదుల్లో, ఏడాదికి 10,000 మంది నుంచి లక్ష మంది వాడితే ఒకరికి వచ్చేంత అరుదు. మూడు నాలుగు మాత్రలు వేసుకున్న అత్తయ్య గారికి దాని గురించి ఇప్పుడు దిగులు అనవసరం.

అయినా పన్ను పని ఎలాగూ ఉంది, మందు ఎలాగూ ఆగి ఉంది కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి. ముందు పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలెండ్రోనేట్ కొన్ని వారాలు వాడారని తప్పకుండా చెప్పండి. తీయాల్సిన పన్ను తీయించి, కట్టుడు పళ్లు ఒరుసుకుంటుంటే సరిచేయించి, చిగురు మానాక మందు మొదలుపెట్టవచ్చు. ఇదేదో ఆరు నెలలు సాగదీయవద్దు. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం పన్ను పీకించడానికి ముందు నాలుగు రోజులు మాత్ర మానేస్తే సరిపోతుందనుకుంటారు. ఎముకలో ఉన్న మందు నాలుగు రోజుల్లో పోదు. అలాంటివాళ్ల విషయం ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని తేల్చాల్సిందే.

వాడుతున్న కాలంలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది, దీని గురించి దవడ గురించి చెప్పినంతగా ఎవరూ చెప్పరు. దెబ్బేమీ తగలకుండానే తొడలో గానీ గజ్జల్లో గానీ వారాల తరబడి మొండి నొప్పి ఉంటే మోకాళ్ల నొప్పిలో కలిపేయకండి. చాలా ఏళ్లు వాడినవాళ్లలో అరుదుగా తొడ ఎముకకు సన్నని బీట పడుతుంది. రెండు తొడలకూ ఎక్స్‌రే తీయిస్తే ముందే బయటపడుతుంది.

అరుదైన ఈ ప్రమాదాల పక్కన రెండోవైపు కూడా చూడాలి. మణికట్టు ఒకసారి చిన్న జారుడుకే విరిగిందంటే ఆ ఎముకలు మళ్లీ విరిగే అవకాశం ఎక్కువని అర్థం. ఈసారి అది తుంటి కావచ్చు. తుంటి విరిగిన పెద్దవాళ్లలో మునుపటిలా సొంతంగా నడవలేకపోయేవాళ్లు ఎంతోమంది, ఆ మంచం మీదే కన్నుమూసేవాళ్లూ ఉన్నారు. అప్పటికే వెన్నుపూస విరిగిన 2,027 మంది మహిళల మీద జరిగిన పరిశీలన ఒకటి 1996లో వెలువడింది. అలెండ్రోనేట్ రోజువారీ మాత్రగా వాడినవాళ్లలో మూడేళ్లలో కొత్తగా వెన్నుపూసలు విరగడం, తుంటి విరగడం రెండూ దాదాపు సగానికి తగ్గాయి. వారానికి 70 మిల్లీగ్రాములంటే రోజువారీ 10 మిల్లీగ్రాములను ఏడు రోజులకు కలిపి ఒకేసారి ఇవ్వడమే. నేనైతే ఈ మందును దవడ భయంతో వదులుకోమని చెప్పను. మా ఇంట్లో మనిషికైనా ఇదే చెబుతాను.

మళ్లీ మొదలుపెట్టే ముందు రక్తంలో కాల్షియం, డి విటమిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి. కాల్షియం తక్కువగా ఉంటే అది సరయ్యేదాకా ఈ మందు ఇవ్వరు, ఎందుకంటే ఎముక నుంచి రక్తానికి అందే కాల్షియంను ఇది ఇంకా తగ్గిస్తుంది. వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి, పిక్కలు పట్టేయడం దాని గుర్తులు. కిడ్నీల వడపోత నిమిషానికి 35 మిల్లీలీటర్ల కన్నా తగ్గినవాళ్లకు అలెండ్రోనేట్ సరిపడదు. ఆహారనాళం సన్నబడినవాళ్లకు, ముద్ద దిగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు, అరగంట నిటారుగా కూర్చోలేనివాళ్లకు కూడా ఇది వద్దు. చెయ్యి నొప్పికనో మోకాళ్లకనో అత్తయ్య గారు షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని వేసుకుంటున్నారేమో అడిగి చూడండి. ఆ రెండూ కలిస్తే కడుపులో పుండ్లకు దారి సులువవుతుంది. చాలామంది అడగనిదే ఈ సంగతి చెప్పరు.

ఇంజెక్షన్ గురించి. మాత్ర పడనివాళ్లకు, నియమం పాటించలేనివాళ్లకు అది మంచి దారే. జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికి ఒకసారి సెలైన్‌లా నరం ద్వారా ఎక్కిస్తారు. మొదటిసారి తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. కడుపుతో, కాఫీతో సంబంధం లేదు. అయితే కిడ్నీల నియమం దీనికీ ఉంది, దవడ జాగ్రత్త కూడా దీనికీ ఉంది. ఆరు నెలలకోసారి చర్మం కింద ఇచ్చే డెనోసుమాబ్ ఇంకొకటి. దాన్ని మొదలుపెడితే తేదీ దాటనివ్వకూడదు. మధ్యలో మానేస్తే ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు వరుసగా విరిగే ప్రమాదం ఉంది. ఖర్చుకో, ఊళ్లు తిరగడం వల్లో ఆగిపోయే అవకాశం ఉందనుకుంటే మొదటే డాక్టరుకు చెప్పండి. ఆహారనాళంలో పుండు ఉందని తేలితే అత్తయ్య గారికి ఇంజెక్షనే నయం. అదేమీ లేకపోతే, పైన చెప్పిన పద్ధతిలో మాత్ర మరోసారి ప్రయత్నించడం సబబని నాకనిపిస్తోంది.

ఈ మాత్ర వేసుకుంటే నొప్పులు తగ్గవు, హుషారు రాదు. అందుకే "ఏమీ తేడా తెలియట్లేదు" అని ఏడాది తిరక్కుండా మానేస్తుంటారు. తేడా తెలిసేది ఒకటి రెండేళ్ల తర్వాత తీసే డెక్సాలోనే. సాధారణంగా ఐదేళ్లు వాడాక డాక్టరు మళ్లీ లెక్క చూసి, కొందరికి విరామం ఇస్తారు, ఎముకలు ఇంకా బలహీనంగా ఉన్నవాళ్లకు కొనసాగిస్తారు.

తిండి సంగతి అత్తయ్య గారికి కొత్తగా చెప్పక్కర్లేదేమో. మన ఉత్తరాంధ్ర చోడి (రాగి) అంబలి, ముళ్లతో సహా తినే నెత్తళ్లు, పెరుగు, నువ్వులు అన్నీ కాల్షియం ఉన్నవే. చోళ్లలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఆ వయసు ఆడవాళ్లకు రోజుకు కావలసింది తిండి, మాత్ర అన్నీ కలిపి దాదాపు 1,200 మిల్లీగ్రాములు. అంబలి మాత్రం ఆ ఒక్క ఉదయం అరగంట దాటాకే.

మందు ఎంత పద్ధతిగా వాడినా, ఆవిడ జారిన ఆ బాత్‌రూం అలాగే ఉంటే మనం చేసింది సగమే. కమోడు పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టి పట్టుకమ్మీలు బిగించండి. నున్నటి టైల్స్ మీద జారని చాపలు వేయండి, రాత్రి బాత్‌రూం దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి. కళ్లజోడు చూపించి ఎన్నాళ్లయిందో, రాత్రి నిద్రమాత్రలేమైనా వేసుకుంటున్నారో, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయో అడగండి. కమ్మీలు బిగించే మనిషిని ఈ వారమే పిలిపించండి, దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.